డ్యూటీ చార్టు ఫోనులోకి ఎక్కాక

నేను బస్సు నడపలేదు. కొన్నేళ్లు టికెట్లు కొట్టాను. మోకాళ్లు మొరాయించాక ఆఫీసులో కూర్చోబెట్టారు. అక్కడ దొరికింది చార్టు సీటు. బస్సెక్కే జనానికి డ్రైవరు తెలుసు, కండక్టరు తెలుసు, మధ్యలో ఎక్కి టికెట్లు అడిగే తనిఖీవాళ్లు తెలుసు. రేపు ఏ బస్సు మీద ఎవరు వెళ్లాలో ఇవాళ సాయంత్రమే రాసిపెట్టే గుమాస్తా ఒకడు ఉంటాడని మాత్రం ఎవరికీ తోచదు. ఎవరు ఇంట్లో పడుకుంటారో, ఎవరు ఊరుకాని ఊళ్లో బస్సు సీటు మీదే నడుం వాలుస్తారో తేల్చేది ఆ గుమాస్తా పెన్సిలే. ఇరవై ఏళ్లకు పైగా ఆ పెన్సిలు నా చేతిలో ఉంది. ఆఖరి నాలుగేళ్లు పెన్సిలు పోయి ఫోను వచ్చింది.

తెనాలి, బాపట్ల, రేపల్లె, మూడు ఊళ్లలోనూ పనిచేశాను. ఇప్పుడు చెప్పబోయేది ఏ ఊరి డిపోలో జరిగిందో చెప్పను. నా తెలివితక్కువతనం నాది. దాన్ని తీసుకెళ్లి ఒక ఊరికి అంటగట్టటం న్యాయం కాదు.

ఈ మధ్య ఆ సీటులోకి వచ్చిన కొత్తవాళ్లు కొందరు కనిపించినప్పుడల్లా, "ఏం నేర్చుకోవాలి సార్?" అని అడుగుతున్నారు. రూల్సు, సర్క్యులర్లు ఆఫీసే నేర్పుతుంది. ఆఫీసు నేర్పనివి నాలుగు ముక్కలు నేను రాస్తున్నాను.

కిటికీ ముందు

పాతరోజుల్లో చార్టు అంటే దుప్పటంత కాగితం. ఎడమ పక్క బస్సుల నంబర్లు, పైన తారీఖులు, మధ్యలో గళ్లు. గడికో పేరు. బాపట్లలో నాకు ఈ పని నేర్పిన పెద్ద గుమాస్తా శేషయ్య గారు. మొదటిరోజు నేను పెన్ను తీస్తే చెయ్యి పట్టుకుని ఆపారు. "పెన్నుతో రాస్తావేంటయ్యా? మనుషుల సంగతి పెన్సిల్‌తోనే రాయాలి" అన్నారు. అది ఎంత నిజమో సాయంత్రం నాలుగింటికే తెలిసిపోయింది. కిటికీ ముందు గుంపు చేరింది.

"ప్రకాశరావు గారూ, ఆదివారం మా ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నామండి. నన్ను ఒదిలెయ్యండి."

"రేపు మా బావమరిదికి పెళ్లిచూపులండి."

"మొన్ననే చూశారు కదయ్యా ఆ బావమరిదికి?"

"అది కుదర్లేదండి!"

రోజూ ఇదే తంతు. నవ్వొచ్చేది, విసుగొచ్చేది, ఒక్కోసారి కడుపు తరుక్కుపోయేది. శేషయ్య గారు పనిలో ఘనుడు. ఏ డ్రైవరుకు ఏ దారి అలవాటో, ఎవరికి ఎవరితో పడదో ఆయనకు కంఠతా వచ్చు. అయితే ఒక్క లోపం ఉండేది. గట్టిగా అరిచినవాడికి లొంగిపోయేవారు. "పోనీలేవయ్యా, గోల ఒదులుతుంది" అని వాడి పేరు తీసి, నోరెత్తనివాడి పేరు అక్కడ రాసేవారు. ఆయన దగ్గర నేను పనితోపాటు ఆ గుణమూ నేర్చుకున్నాను. అప్పుడు నాకు ఆ సంగతి తెలియదు.

నోరెత్తనివాళ్లలో మొదటివాడు కోటయ్య. అమృతలూరు వైపు మనిషి. నాకంటే ఆరేడేళ్లు చిన్నవాడు. ఎంత ఇరుకు సందులోనైనా అద్దాలకు గీత పడకుండా బస్సు తిప్పేవాడు. చార్టులో తన పేరు ఎక్కడుంటే అక్కడికి వెళ్లేవాడు. అన్నేళ్లలో ఆయన నా కిటికీ దగ్గరకు వచ్చి ఏదైనా అడిగినట్టు నాకు గుర్తులేదు. అది మంచితనమని మెచ్చుకున్నాను. మెచ్చుకుని, ఎవరూ వెళ్లని డ్యూటీలన్నీ ఆయనకే వేశాను.

లావు వేళ్లు, సన్న గళ్లు

నాకు ఇంకా నాలుగేళ్ల సర్వీసు ఉందనగా కొత్త మేనేజరు వచ్చారు. చిన్న వయసు, చురుకైన మనిషి. వచ్చిన మూడోరోజు నన్ను పిలిచారు.

"చార్టు మీ బల్ల మీదే ఉంటే నాకెలా తెలుస్తుందండీ? ఫోన్లో పెట్టండి. నేను ట్యాబ్‌లో చూసుకుంటాను."

"ఫోటో తీసి పంపమంటారా మేడమ్?"

"ఫోటో కాదండీ, షీటు. గళ్ల షీటు. మీరు ఫోన్లో ఒక పేరు మారిస్తే నా ట్యాబ్‌లో అప్పుడే మారిపోవాలి."

నాకు అప్పటికి ఫోనంటే మాట్లాడటం, మనవడి ఫోటోలు చూడటం, అంతే. గట్టెక్కించింది మా కండక్టరు మేరీ. ఆ అమ్మాయి వాళ్ల చర్చిలో ఆదివారం బడి పిల్లల హాజరు ఫోనులోనే రాసుకుంటుంది. రెండు ట్రిప్పుల మధ్య క్యాంటీనులో కూర్చోబెట్టి నాకు పాఠం చెప్పింది. నా వేలు లావు, గడి సన్నం. ఒక గడి ముట్టుకుంటే పక్క గడి తెరుచుకునేది. "పొడవండి సార్, నొక్కకండి" అనేది. నొక్కటానికీ పొడవటానికీ తేడా నాకు వారానికి అర్థమైంది.

మొదటి చార్టు ఎంతో శ్రద్ధగా కట్టాను. మర్నాడు స్పేర్ డ్రైవరు బాజీ ప్రింటు పట్టుకుని వచ్చాడు. స్పేర్ అంటే ఎవరైనా రానప్పుడు వాళ్ల బదులు వెళ్లటానికి డిపోలో సిద్ధంగా ఉండే డ్రైవరు.

"సార్, నాకు డిసెంబరు అయిదున డ్యూటీ ఏంటండీ? ఇంకా ఆగస్టేగా!"

చూస్తే నిజమే. మా బస్సులకు 5/12, 7/3 అని నంబర్లుంటాయి. నేను 5/12 అని కొడితే, ఫోను తన తెలివి ఉపయోగించి డిసెంబరు అయిదు చేసింది. డిపోలో సగం బస్సులు గడిచిపోయిన నెలల్లోనో, ఇంకా రాని నెలల్లోనో బయలుదేరుతున్నాయి. మేరీ పడీపడీ నవ్వి, ఆ వరస మొత్తాన్ని 'టెక్స్టు'గా మార్చటం చూపించింది. "ఇది అంకె కాదు, తారీఖు కాదు, ఒట్టి మాట అని దానికి ముందే చెప్పాలి సార్. చెప్పకపోతే దానికి తోచింది అది చేసుకుంటుంది." కొత్తవాళ్లకు నేను చెప్పే మొదటి ముక్క ఇదే. గడి ఖాళీగా ఉన్నప్పుడే దానికి చెప్పాలి. రాశాక చెబితే వినదు.

రెండోది, నోటితో చెబితే రాసే పద్ధతి. వేళ్ల బాధ తప్పిందని సంబరపడ్డాను. తెలుగు బాగానే రాస్తుంది. కానీ నేను "బాజీ" అంటే అది "బజ్జీ" అని రాసింది. చూసుకోకుండా వదిలేశాను. బోర్డు మీద 'రేపల్లె, మొదటి ట్రిప్పు: బజ్జీ' అని పడింది. ఆ తరవాత ఏడాదిపాటు అతన్ని ఎవరూ అసలు పేరుతో పిలవలేదు. పాపం, అతనూ నవ్వేవాడు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. దుప్పటంత కాగితం మీద నెల మొత్తం ఒక్క చూపులో కనబడేది. ఫోను తెర మీద కనబడేవి నాలుగు గళ్లు. నిన్న ఆ మనిషి ఎక్కడ ఉన్నాడో తెలియాలంటే ఎడమకు జరపాలి. మొన్నటిది తెలియాలంటే ఇంకా జరపాలి. జరపటానికి బద్ధకించామా, కనబడని గడిలో ఉన్న మనిషి అవస్థ మనకు కనబడదు. పేర్ల వరస కదలకుండా బిగించుకోండి. రాసేముందు వెనక్కి జరిపి చూడండి. వీలుంటే ట్యాబ్ మీద రాయండి, ఫోనుతో చిన్న మార్పులు మాత్రమే చెయ్యండి. నేను ఇవన్నీ దెబ్బ తిన్నాకే నేర్చుకున్నాను.

అందరికీ ఆదివారం

చార్టు కుదురుకున్నాక, డిపోలో అందరూ తమ ఫోనుల్లోనే డ్యూటీ చూసుకుంటే కిటికీ దగ్గర గోల తగ్గుతుందనిపించింది. లింకు డిపో గ్రూపులో పెట్టాను. పెట్టేటప్పుడు ఫోను ఏదో అడిగింది. చూడటానికి మాత్రమేనా, మార్చటానికి కూడానా అని. తొందరలో ఉన్నాను. పెద్దమనసుతో రెండోది నొక్కాను.

అది శుక్రవారం. శనివారం పొద్దున చార్టు తెరిచి చూస్తే ఆదివారం నాడు పదకొండుమందికి వారపు సెలవు. ఒకాయన తన కష్టమైన డ్యూటీ తీసుకెళ్లి తోడల్లుడికి ఇచ్చాడు. ఆ తోడల్లుడు దాన్ని ఇంకొకరికి తోశాడు. ఎవరో సరదాపడి నిజాంపట్నం మొదటి బస్సు డ్రైవరు గడిలో నా పేరు రాశారు. నేను సైకిలు తప్ప ఇంకేదీ నడిపి ఎరగను.

మేడమ్ దగ్గరకు వెళ్లేసరికి ఆవిడ ట్యాబ్ చూసుకుంటూ నవ్వాపుకోలేకపోతున్నారు. "మీరు నిజాంపట్నం ఎన్నింటికి బయలుదేరుతున్నారండీ?" అన్నారు.

ఫైలుకు చరిత్ర ఉంటుందని, ఎవరు ఏ గడి ఎప్పుడు మార్చారో మొత్తం అందులో ఉంటుందని అప్పుడు ఆవిడ చూపించారు. శుక్రవారం సాయంత్రపు చార్టును ఒక్క నొక్కుతో వెనక్కి తెచ్చారు. పదకొండు పేర్లూ అక్కడే ఉన్నాయి. "వీళ్లకు మెమోలు ఇద్దామా?" అని అడిగారు. వద్దన్నాను. తలుపు తీసిపెట్టింది నేను. లోపలికి వచ్చినవాళ్లను దొంగలనటం బాగుండదు. ఆ చరిత్ర పేజీ మీ చేతిలోనూ ఉంటుంది. తప్పు దిద్దుకోవటానికి వాడండి, మనుషులను కొట్టటానికి కర్రలా వాడకండి.

అప్పటినుంచి చార్టు అందరూ చూడొచ్చు, ఎవరూ మార్చకూడదు. ఏదైనా కావాలంటే తమ పేరు పక్కన కామెంటు రాయాలి. కిటికీ దగ్గర గోల నిజంగానే తగ్గింది. కామెంట్లు పెరిగాయి. బావమరిది పెళ్లిచూపులు అక్కడికీ వచ్చాయి. కొన్నాళ్లకు గమనిస్తే, కిటికీ దగ్గర అరిచినవాళ్లే కామెంట్లూ రాస్తున్నారు. కోటయ్య పేరు పక్కన ఏమీ లేదు. ఆయన దగ్గర అప్పటికి మామూలు బటన్ల ఫోనే ఉంది. బోర్డు మీద అంటించిన ప్రింటు చూసుకుని వెళ్లిపోయేవాడు.

రెండు చార్టులు

ఆదివారం గొడవతో నాకు భయం పట్టుకుంది. మళ్లీ ఎవరైనా చెరిపేస్తే ఎలా అని, చార్టును నా ఫోనులోకి ఒక కాపీ దింపుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. దాని పేరు మార్చాలని కూడా తోచలేదు. అసలుదాని పేరు 'చార్టు'. కాపీ పేరూ 'చార్టు'. చివర చీమంత ఒకటి అంకె ఉంది, అంతే తేడా.

రెండు వారాలు గడిచాయి. ఒక సాయంత్రం పని ముగించుకుని ఇంటికి వెళ్లే బస్సులో ఉండగా డిపో నుంచి ఫోను. హైదరాబాదు రాత్రి సర్వీసు డ్రైవరుకు జ్వరం వచ్చింది, ఎవరిని పంపమంటారని. సగం దారిలో బస్సును అవతలి డ్రైవరుకు అప్పగించి, ఎదురొచ్చే బస్సును తెల్లారేసరికి వెనక్కి తెచ్చే డ్యూటీ అది. ఆలోచించకుండానే "కోటయ్యను పంపండి" అన్నాను. ఆయన ఇంటికి వెళ్లబోతున్నవాడల్లా "సరేనండి" అని బస్సెక్కాడట.

మర్నాడు ఏడున్నర బస్సుకు కోటయ్య పేరే ఉందని నాకు గుర్తుంది. తీసెయ్యాలి. ఫోను తెరిచి, పైన కనబడిన చార్టు నొక్కాను. ఏడున్నర బస్సు గడిలో కోటయ్య పేరు తీసి బాజీ పేరు రాశాను. కోటయ్య ఎదురుగా 'విశ్రాంతి' అని రాశాను. కదిలే బస్సులో కూర్చుని చార్టు మార్చానని ఎంత గర్వపడ్డానో చెప్పలేను. పక్క సీటాయనకు చూపించాను కూడా.

నేను మార్చింది కాపీని. అసలు చార్టులో ఏడున్నరకు కోటయ్య పేరు అలాగే ఉంది. దాన్నే ప్రింటు తీసి బోర్డు మీద అంటించారు.

మర్నాడు ఎనిమిది దాటుతుండగా నేను డిపో గేటు దగ్గరకు వచ్చానో లేదో మేరీ ఫోను చేసింది.

"సార్, కోటయ్య బాబాయ్ రాత్రి హైదరాబాదు డ్యూటీ చేసొచ్చాడని తెలుసా మీకు?"

"తెలుసమ్మా. నేనే పంపాను. ఈపాటికి ఇంట్లో పడుకునుంటాడు."

"పడుకోవటం ఏంటి సార్! నా బస్సు నడుపుతున్నాడు. అమృతలూరులో ఆపి మొహాన నీళ్లు కొట్టుకుంటున్నాడు. ఇది రెండోసారి. ఇందాక బండి పక్కకు లాగేసింది, మళ్లీ సర్దుకున్నాడు. నాకు భయంగా ఉంది సార్."

"బస్సు కదలనివ్వకు. నేను చెప్పానని చెప్పు."

"జనం ఊరుకోరండీ. పదో తరగతి పరీక్షకు వెళ్లే పిల్లలు ఆరుగురున్నారు."

"పిల్లల్ని ముందు ఆటో ఎక్కించమ్మా. మిగతావాళ్లకు నేనొచ్చి చెప్పుకుంటాను."

ఫోను పెట్టేసి చార్టు తెరిచాను. 'విశ్రాంతి' అని నేను రాసిన మాట కనబడుతోంది. పరుగున వెళ్లి బోర్డు చూశాను. కోటయ్య పేరు. మళ్లీ ఫోను చూశాను. అప్పుడు కనబడింది ఆ చీమంత ఒకటి. అక్కడే స్పేర్ డ్యూటీలో బాజీ ఉన్నాడు. సంగతి రెండు ముక్కల్లో చెప్పాను. మోటారు సైకిలు తీశాడు. వెనక కూర్చున్నాను. దారి పొడుగునా నా కళ్లముందు ఉన్నది బస్సు కాదు, రోడ్డు పక్కనే పారే కాలవ.

అమృతలూరు సెంటరులో బస్సు నిలబడి ఉంది. ఆటో పరీక్ష పిల్లలను తీసుకుని అప్పటికే వెళ్లిపోయింది. మిగతా ప్రయాణికులు మేరీ చుట్టూ మూగి అరుస్తున్నారు. కోటయ్య బస్సు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"ఎందుకండీ ఇంత దూరం వచ్చారు? నడుపుతానండి, ఫర్వాలేదు."

"రాత్రంతా నడిపావు కదయ్యా! మళ్లీ ఎలా ఎక్కావు? ఇదేంటని అడగొద్దా ఎవరినీ?"

"బోర్డు మీద నా పేరుందండి. మీరు రాసిందే కదా." చేత్తో కళ్లు నులుముకున్నాడు. "ఏదో ఇబ్బంది ఉంటేనే రాసుంటారనుకున్నానండి."

ఇన్నేళ్లలో నన్ను ఎంతమంది తిట్టారో లెక్కలేదు. ఏ తిట్టూ ఆ మాటంత లోతుగా తగల్లేదు.

ప్రయాణికుల వైపు తిరిగి ఉన్నమాట చెప్పాను. ఈయన రాత్రంతా బస్సు నడిపి వచ్చాడు, పొరపాటున మళ్లీ ఈ బస్సుకు పేరు రాశాను, తప్పు నాది, ఇప్పుడు వేరే డ్రైవరు వచ్చాడు అన్నాను. కొడతారనే అనుకున్నాను. కూరగాయల బుట్టతో ఉన్న ఒక పెద్దావిడ ముందుకొచ్చింది.

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదయ్యా? మేమేమన్నా రాక్షసులమా? ముందు ఆ బాబుని పడుకోమను."

కోటయ్యను ఆఖరి సీటులో పడుకోబెట్టారు. మేరీ తన సంచి తలకింద పెట్టింది. నిమిషంలో గురక. బాజీ స్టీరింగు ముందు కూర్చున్నాడు. బస్సు కదిలాక, ఇందాక అందరికంటే గట్టిగా అరిచినాయన ముందుకు వంగి బాజీతో అన్నాడు: "గోతుల దగ్గర నెమ్మదిగా పోనీ తమ్ముడూ. వెనక మనిషి పడుకున్నాడు." ఆ బస్సు అంత మెత్తగా వెళ్లటం నేను మళ్లీ చూడలేదు. పరీక్ష పిల్లలు వేళకు ముందే చేరారని మేరీ ఆటో అతనికి ఫోను చేసి కనుక్కుంది.

సంజాయిషీ

మధ్యాహ్నం మేడమ్ నన్ను పిలిచి సంజాయిషీ రాయమన్నారు. కాగితం మీద కాదు. తన ట్యాబ్‌లో ఒక ఖాళీ డాక్యుమెంటు తెరిచి నా ఫోనుకు పంపారు. నా బల్ల దగ్గర కూర్చుని మొదలుపెట్టాను. రాసి, చెరిపి, మళ్లీ రాసి, దాదాపు గంట పట్టింది. రాయటం అయిందని చెప్పటానికి లోపలికి వెళ్లాను.

"చదివానండీ," అన్నారు. "మొదట 'నెట్‌వర్కు సరిగా లేనందువల్ల' అని రాసి చెరిపేశారు. తరవాత 'ఫోను పాతది కావటం చేత' అని రాసి చెరిపేశారు. 'కండక్టరు ముందే చెప్పనందువల్ల' అని కూడా రాయబోయారు. సగంలో ఆపేశారు."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మనం రాసేది అవతలివాళ్లకు అక్షరం అక్షరం కనబడుతుందన్న సంగతి అప్పటిదాకా నాకు తెలియదు. మీరు తెలుసుకుని ఉండండి.

"ఆఖరికి ఉంచిన రెండు వాక్యాలు చాలు" అని చదివారు. "తప్పు నాది. ఒక చార్టు ఉండాల్సిన చోట రెండు పెట్టుకున్నాను." ట్యాబ్ పక్కన పెట్టారు. "ప్రింటు తీసేముందు మార్పులేమైనా ఉన్నాయా అని నేనూ మిమ్మల్ని అడగలేదు. అది నా తప్పు. మళ్లీ కాగితానికి వెళ్లిపోదామంటారా?"

"వద్దు మేడమ్. కాగితం ఒక్కటే ఉండేది. దాని గొప్పతనం అదే. ఫోన్లోనూ ఒక్కటే ఉంచుదాం."

ఆవిడ ఎదురుగానే ఆ కాపీ తీసేశాను. మెమో కూడా ఇచ్చారు. తీసుకుని సంతకం పెట్టాను. ఇవ్వకపోతే నాకే నచ్చేది కాదు.

ఆ వారమే చార్టులో ఒక కొత్త వరస చేర్చాం. ప్రతి మనిషి కిందటి డ్యూటీ ఎన్నింటికి దిగాడో అందులో రాస్తాం. దిగినప్పటినుంచి చాలినంత విశ్రాంతి లేకుండా మళ్లీ పేరు రాస్తే ఆ గడి దానంతట అదే ఎర్రబడుతుంది. మేరీ, మేడమ్ కలిసి ఆ ఏర్పాటు చేశారు. పనిచేస్తోందో లేదో చూద్దామని కిందటి నెల చార్టు మీద పెట్టి చూశాం. ఏడెనిమిది పేర్లు ఎర్రబడ్డాయి. లెక్క తప్పేమోనని మూడుసార్లు చూశాం. తప్పు లేదు. ఆ పేర్లన్నీ కిటికీ దగ్గరకు రానివాళ్లవి. కామెంట్లు రాయనివాళ్లవి.

అంతకుముందు ఎవరైనా "మీరు పక్షపాతం చూపిస్తారు" అంటే పోట్లాడేవాణ్ని. ఎవరి దగ్గరా టీ కూడా తాగలేదు, నేనేం పక్షపాతం చూపించానని. గోల చేసేవాడికి లొంగటమూ పక్షపాతమేనని ఆ ఎర్ర గళ్లు చెప్పాయి. చార్టు కాగితం మీద ఉన్నా, ఫోనులో ఉన్నా ఆ రోగం రాసేవాడిలో ఉంటుంది. అడిగినవాళ్లకు జవాబు చెప్పండి. కానీ రోజూ ఒక్కసారి, అడగనివాళ్ల పేర్లు వెతికి చూడండి. ఈ సీటు పని నిజంగా అదే.

ఆఖరి నెల

మిగిలిన సర్వీసు హాయిగా గడిచింది. సాయంత్రం అయిదు దాటితే మార్పులు నోటిమాటగా ఒప్పుకునేవాణ్ని కాదు. చార్టులో పడితేనే మార్పు. మేరీ ఖాళీ దొరికినప్పుడల్లా తోటివాళ్లకు ఫోను పాఠాలు చెప్పేది. కోటయ్యకు వాళ్లమ్మాయి ఒక తెర ఫోను కొనిచ్చింది. మేరీ ఆయన్నీ కూర్చోబెట్టి నేర్పింది. "చూడటం వచ్చిందండి" అన్నాడు నాతో సిగ్గుపడుతూ. "రాయటం ఎందుకండీ, అడగటానికి నాకేముంది?"

నా చోటికి శ్రావణి అనే అమ్మాయి వచ్చింది. కారంచేడు పిల్ల, తెలివైనది. పని అప్పగించేటప్పుడు ఒక సంగతి బయటపడింది. నాలుగేళ్లుగా డిపో చార్టు నా సొంత ఖాతాలో, నా పేరు మీద ఉంది! నేను ఇంటికి వెళ్లిపోయి ఫోను మార్చుకుని ఉంటే, డిపో చార్టు నాతోపాటే రిటైరయ్యేది. మేడమ్ ఆఫీసు పేరు మీద ఒక ఖాతా తెరిపించారు. ఫైలు దానికి మార్చి, శ్రావణికి అప్పగించాం. కొత్తవాళ్లు సీటులో కూర్చున్న రోజే ఈ పని చెయ్యండి, దిగే రోజు కాదు.

శ్రావణికి ఏమైనా సందేహాలు వస్తే చెప్పటానికి ఒక్క నెల నాకు చార్టు చూసే అనుమతి ఉంచారు. చూడటమే, మార్చటానికి లేదు. మొదటిరోజు అలవాటుగా ఒక గడి ముట్టుకుంటే ఫోను ఒప్పుకోలేదు. నవ్వొచ్చింది. అయినా రోజూ పొద్దున టిఫిను ముందు కూర్చుని చార్టు తెరిచేవాణ్ని. ఎవరు ఎటు వెళుతున్నారో చూస్తే కాస్త తృప్తి.

నెల నిండటానికి రెండు రోజులుందనగా అలాగే తెరిచాను. కోటయ్య పేరు బాపట్ల బస్సు ఎదురుగా ఉంది. చార్టు లెక్కన ఆయనకు విశ్రాంతి సరిపోయింది, గడి ఎర్రబడలేదు. ఇంట్లో నిద్ర పట్టిందో లేదో చార్టుకేం తెలుసు? కానీ ఆ గడి మూలన చిన్న పసుపు గుర్తు కనబడింది. కామెంటు. మా అమ్మాయి పెట్టిన ఇడ్లీ పక్కకు జరిపి, దాన్ని తెరిచాను.

"ఇవాళ వద్దండి. మనవరాలికి ఒంట్లో బాగోక నిద్ర లేదు. కోటయ్య."

రెండుసార్లు చదివాను. ఏం చెయ్యాలో తోచక ఆ గడినే చూస్తూ కూర్చున్నాను. నేను మార్చలేను. శ్రావణి చూసిందో లేదో తెలియదు. ఫోను చేద్దామా అని అనుకుంటుండగా, ఆకుపచ్చ గీతల చట్రం ఒకటి కదులుకుంటూ వచ్చి కోటయ్య పేరు మీద ఆగింది. శ్రావణి అక్కడ ఉంది. కోటయ్య పేరు పోయింది. కాసేపు గడి ఖాళీగా ఉంది. తరవాత అందులో వేరే డ్రైవరు పేరు వచ్చింది.

కామెంటు కింద ఆ అమ్మాయి జవాబు రాసింది.

"సరే బాబాయ్. బస్సు సంగతి నేను చూసుకుంటా. పాపను చూసుకుని మీరు పడుకోండి."